అబ్రాహాము నుంచి యేసు దాకా 41 పేర్లు: వంశావళి ఎందుకు చదవాలి?

కొత్త నిబంధన తెరవగానే కథ మొదలవదు, పేర్లు మొదలవుతాయి. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో ఉన్నవి 25 వచనాలు. అందులో 17 వచనాలు వంశావళికే సరిపోయాయి. క్రిస్మస్ ఆరాధనలో ఈ అధ్యాయం చదివేవాళ్ళు చాలామంది నేరుగా 18వ వచనం దగ్గర ఎత్తుకుంటారు. ఇంట్లో బైబిలు చదివేవాళ్ళు కూడా ఈ పేర్ల మీదుగా కళ్ళు పరిగెత్తించి, మరియ, యోసేపుల దగ్గర ఆగుతారు. దేవుని వాక్యమంటూ ఈ పేర్ల జాబితా ఎందుకు, దీనితో నా విశ్వాసానికి ఏం పని అనే సందేహం న్యాయమైనదే. ఆ పేర్లను ఒక్కసారి లెక్కపెట్టి చూస్తే, క్రైస్తవ విశ్వాసం దేని మీద నిలబడిందో ఆ లెక్కలోనే కనిపిస్తుంది.

ముందుగా, బైబిల్లో ఇలాంటి భాగాలు ఎన్ని ఉన్నాయి? ఆదికాండము 5, 11 అధ్యాయాలు, రూతు గ్రంథంలో చివరి ఐదు వచనాలు, ఎజ్రా 2, నెహెమ్యా 7, మత్తయి 1, లూకా 3 ముఖ్యమైనవి. అన్నిటికంటే పెద్దది దినవృత్తాంతముల మొదటి గ్రంథంలో ఉంది. ఆదాముతో మొదలై వరసగా తొమ్మిది అధ్యాయాలు, 400కు పైగా వచనాలు, దాదాపు అన్నీ పేర్లే. పైకి చదివితే ముప్పావు గంట పడుతుంది. తోలు చుట్టల మీద చేత్తో రాసుకునే కాలంలో ఇంత చోటు పేర్లకు ఇచ్చారంటే, రాసినవాళ్ళకు వాటితో గట్టి అవసరం ఉండాలి.

ఆ అవసరం ఏమిటో ఎజ్రా గ్రంథం రెండో అధ్యాయం చెబుతుంది. బబులోను చెర నుంచి, అంటే యూదులను బలవంతంగా తరలించిన పరదేశం నుంచి, స్వదేశానికి తిరిగి వచ్చినవాళ్ళ లెక్క అక్కడుంది: 42,360 మంది. వీళ్ళలో 652 మంది తమ పితరుల కుటుంబం ఏదో చూపించలేకపోయారు. అంటే 65 మందిలో ఒకరు. వెయ్యి మంది ఉన్న ఊరు అనుకుంటే, పదిహేను మంది దగ్గర కాగితం లేదన్నమాట. యాజకుల వంశాలమని చెప్పుకున్న కొన్ని కుటుంబాలు కూడా నమోదు పుస్తకంలో తమ పేర్లు వెతికాయి. దొరకలేదు. యాజకులు తినే అతిపరిశుద్ధమైన భోజనంలో వాళ్ళకు వాటా ఆపేశారు. 652 మందిని మాత్రం వెనక్కి పంపలేదు. జనంతో పాటే వచ్చారు, పట్టికలో వాళ్ళ సంఖ్యనూ రాశారు.

ఇశ్రాయేలులో భూమి గోత్రాల వారీగా పంచినది. అమ్ముకున్న పొలం కూడా 50వ సంవత్సరంలో అసలు కుటుంబానికి తిరిగి రావాలని ధర్మశాస్త్రం చెబుతుంది. గుడిలో సేవ చేసే హక్కు లేవీ గోత్రానిది, యాజకత్వం అహరోను సంతానానిది, సింహాసనం దావీదు ఇంటిది. కాబట్టి మన రైతుకు పట్టాదారు పాసుపుస్తకం ఎంతో, యూదుడికి వంశావళి అంత. క్రీ.శ. 37లో పుట్టిన యూదు చరిత్రకారుడు జోసీఫస్ తన జీవితకథ రాస్తూ, తన వంశక్రమాన్ని ప్రభుత్వ నమోదు పుస్తకాల్లో ఉన్నట్టే ఇస్తున్నానని చెప్పుకున్నాడు. యేసు కాలానికి దగ్గరలోనే అలాంటి నమోదులు ఉన్నాయనడానికి అది సాక్ష్యం.

ఇప్పుడు మత్తయి లెక్కకు వద్దాం. అబ్రాహాము నుంచి దావీదు దాకా 14 తరాలు, దావీదు నుంచి చెర దాకా 14, చెర నుంచి క్రీస్తు దాకా 14 అని 17వ వచనం చెబుతుంది. మూడు పద్నాలుగులు 42. వేళ్ళు మడుస్తూ లెక్కపెడితే మాత్రం 41 పేర్లే వస్తాయి. మత్తయి లెక్క తప్పాడా? ఆ వచనాన్ని మళ్ళీ చూడండి. అందులో దావీదు పేరు రెండుసార్లు వస్తుంది, ఒకసారి గమ్యంగా, ఒకసారి బయలుదేరే చోటుగా. అబ్రాహాము నుంచి దావీదుకు 14, మళ్ళీ దావీదు నుంచి యోషీయాకు 14, యెకొన్యా నుంచి యేసుకు 14. దావీదును రెండు వైపులా లెక్కించాం కాబట్టి పేర్లు 41, స్థానాలు 42.

దావీదునే ఎందుకు రెండుసార్లు? హెబ్రీ అక్షరాలకు అంకెల విలువ ఉంటుంది. దావీదు పేరులోని మూడు అక్షరాల విలువలు 4, 6, 4. కూడితే 14. పట్టికలో దావీదు వచ్చేదీ పద్నాలుగో స్థానంలోనే. మత్తయి ఉద్దేశించింది ఇదేనని చాలామంది పండితుల అభిప్రాయం. ఆ సువార్త మొదటి మాటల్లోనే యేసును దావీదు కుమారుడని పిలిచిన రచయిత, పట్టికను కూడా దావీదు పేరు వినిపించేలా పేర్చాడు.

అలా పేర్చడానికి కొన్ని పేర్లు వదిలేశాడు. రాజుల గ్రంథాలతో, దినవృత్తాంతములతో పోల్చి చూస్తే యెహోరాముకూ ఉజ్జియాకూ మధ్య అహజ్యా, యోవాషు, అమజ్యా ఉండాలి. యోషీయాకూ యెకొన్యాకూ మధ్య యెహోయాకీము ఉండాలి. ఈ నలుగురి పాలన 1, 40, 29, 11 ఏళ్ళు, మొత్తం 81 ఏళ్ళు. ఇది దాచిపెట్టిన విషయం కాదు. వాళ్ళ చరిత్రలు పాత నిబంధనలో అధ్యాయాలకు అధ్యాయాలు ఉన్నాయి, మత్తయి పాఠకులకు అవి తెలుసు. వంశావళిలో తరాలు దాటడం ఆనాటి పద్ధతే. యేసును దావీదు కుమారుడు, అబ్రాహాము కుమారుడు అనే మాటే దాదాపు రెండు వేల ఏళ్ళను రెండు అంగల్లో దాటేస్తుంది. దావీదు కాలం సుమారు క్రీ.పూ. 1000. అక్కడి నుంచి యేసు దాకా మత్తయిలో 27 అంగలు, అంటే తరానికి సగటున 37 ఏళ్ళు. మన ఇళ్ళల్లో తండ్రికీ బిడ్డకూ మధ్య సాధారణంగా పాతిక, ముప్పై ఏళ్ళ తేడా ఉంటుంది కదా. వదిలేసిన నలుగురినీ కలిపితే సగటు 32కు దిగుతుంది. లూకాలో అదే కాలానికి 42 అంగలు, తరానికి 24 ఏళ్ళు.

లూకా అనగానే పెద్ద సందేహం వస్తుంది. రెండు పట్టికలూ కలవవు కదా? కలవవు. మత్తయి దావీదు కుమారుడైన సొలొమోను ద్వారా దిగుతాడు, లూకా మరో కుమారుడైన నాతాను ద్వారా ఎక్కుతాడు. మత్తయిలో యోసేపు తండ్రి యాకోబు, లూకాలో హేలీ. దావీదుకూ యోసేపుకూ మధ్య రెండిట్లోనూ స్పష్టంగా కలిసే పేర్లు రెండే: షయల్తీయేలు, జెరుబ్బాబెలు. ఈ తేడాను ఎవరో ఆధునిక విమర్శకులు కొత్తగా కనిపెట్టలేదు. మూడో శతాబ్దంలోనే జూలియస్ ఆఫ్రికానస్ అనే క్రైస్తవ రచయిత దీని మీద ఉత్తరం రాశాడు.

ఆయన చెప్పిన సమాధానం దేవరన్యాయం మీద ఆధారపడింది. పిల్లలు లేకుండా అన్న చనిపోతే తమ్ముడు ఆ వదినను పెళ్ళాడి, పుట్టిన బిడ్డకు అన్న పేరు నిలపాలి, అదే దేవరన్యాయం. ద్వితీయోపదేశకాండము 25లో ఆ నియమం ఉంది. యాకోబు, హేలీ ఒకే తల్లికి వేర్వేరు తండ్రుల ద్వారా పుట్టినవాళ్ళనీ, హేలీ సంతానం లేకుండా పోతే యాకోబు ఆ భార్యను చేసుకున్నాడనీ, అప్పుడు పుట్టిన యోసేపు రక్తాన్ని బట్టి యాకోబు కొడుకు, ధర్మశాస్త్రాన్ని బట్టి హేలీ కొడుకు అనీ ఆఫ్రికానస్ వివరణ. లూకా ఇచ్చింది మరియ వంశమనీ, హేలీ ఆమె తండ్రి అనీ మరో వివరణ మన సంఘాల్లో బాగా వినిపిస్తుంది. అయితే లూకా పట్టికలో మరియ పేరు లేదు. రెండు వివరణలూ సాధ్యమే గాని, రెండిట్లో ఏదీ సువార్తలో రాసి లేదు. ఎవరైనా ఒకదాన్ని తేలిపోయిన విషయంగా చెబితే కొంచెం ఆగి వినండి. నా దృష్టిలో, రెండిటినీ బలవంతంగా అతికించడం కంటే ఒక్కొక్కటీ ఎటు తీసుకెళ్తోందో చూడడం మేలు. మత్తయి అబ్రాహాము దగ్గర మొదలుపెడతాడు, ఎందుకంటే భూమి మీది వంశాలన్నీ అతని ద్వారా ఆశీర్వాదం పొందుతాయన్న వాగ్దానం ఆదికాండము 12లో అతనికే వచ్చింది. లూకా యేసు దగ్గర మొదలై 77 పేర్ల మీదుగా అబ్రాహామును కూడా దాటి ఆదాము దాకా, దేవుని దాకా వెళతాడు. ఒకరిది ఇశ్రాయేలుకు ఇచ్చిన మాట నెరవేరిన కథ, మరొకరిది మనుషులందరి కుటుంబ కథ.

పట్టికలో ఉన్నవాళ్ళు ఎలాంటివాళ్ళు? ఈ ప్రశ్న దగ్గర ఆగాలి. గొప్పలు చెప్పుకోవడానికి రాసుకునే వంశచరిత్రలో ఎవరూ పెట్టని పేర్లు మత్తయి పెట్టాడు. సొలొమోనును పక్కన పెడితే, రెహబాము నుంచి యెకొన్యా దాకా పట్టికలో 13 మంది రాజులు. రాజుల గ్రంథాలు వీళ్ళలో ఆరుగురిని మెచ్చుకున్నాయి: ఆసా, యెహోషాపాతు, ఉజ్జియా, యోతాము, హిజ్కియా, యోషీయా. మిగతా ఏడుగురి గురించి దేవుని దృష్టికి చెడునడత నడిచారనే తీర్పు. అందరికంటే ఎక్కువ కాలం, 55 ఏళ్ళు ఏలిన మనష్షే యెరూషలేమును నిరపరాధుల రక్తంతో నింపాడు. అయినా వంశం తెగలేదు.

స్త్రీల పేర్లు ఐదు. శారా, రిబ్కా, రాహేలు వంటి గౌరవనీయులైన తల్లుల పేర్లు వేయలేదు. వేసినవి తామారు, రాహాబు, రూతు, ఊరియా భార్య, చివరికి మరియ. తామారు తన మామ యూదా చేసిన అన్యాయానికి ఎదురు నిలిచి బిడ్డను కన్నది. రాహాబు యెరికో పట్టణపు వేశ్య. ఊరియా హిత్తీయుడు, బత్షెబను పేరుతో పిలవకుండా ఊరియా భార్య అనడంలోనే దావీదు చేసిన హత్య గుర్తుకొస్తుంది. రూతు మోయాబీయురాలు. మోయాబీయులు పదో తరం దాకా కూడా ఇశ్రాయేలు సమాజంలో చేరకూడదని ద్వితీయోపదేశకాండము 23 శాసనం. రూతు కొడుకు ఓబేదు, మనవడు యెష్షయి, మునిమనవడు దావీదు. పది తరాలు బయట ఉండాల్సిన ఇంటి నుంచి మూడో తరానికే ఇశ్రాయేలు మహారాజు వచ్చాడు. కృప అనే మాటను వంద ప్రసంగాల్లో విన్నవాళ్ళు ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి చూడాలి.

అసలు ముడి యెకొన్యా దగ్గర ఉంది. ఇతని సంతానంలో ఎవడూ దావీదు సింహాసనం మీద కూర్చోడని యిర్మీయా 22లో ప్రవచనం. మూడు నెలలే ఏలి, 18 ఏళ్ళ వయసులో క్రీ.పూ. 597లో బబులోనుకు బందీగా వెళ్ళాడు. అతని పేరే మత్తయి పట్టికలో ఉంది. మరి యేసు రాజు ఎలా అవుతాడు? మత్తయి వాక్యాలను గమనించండి. కనెను అనే మాటతో తండ్రిని కొడుకుతో ముడివేస్తూ అబ్రాహాము నుంచి యోసేపు దాకా 39 ముడులు వేస్తాడు. 40వ ముడి దగ్గర వరస మారుతుంది. యోసేపు యేసును కన్నాడని రాయడు. మరియ భర్త యోసేపు అనీ, ఆమెకు యేసు పుట్టాడనీ రాస్తాడు. తర్వాతి వచనాల్లో దేవదూత యోసేపును దావీదు కుమారుడని పిలిచి, బిడ్డకు పేరు పెట్టమంటాడు. పేరు పెట్టి, తన బిడ్డగా స్వీకరించడం ద్వారా దావీదు ఇంటి హక్కు యేసుకు వస్తుంది, రక్తం ద్వారా కాదు. శాపం అడ్డుపడని దారి అది అని ప్రాచీన కాలం నుంచీ చాలామంది వ్యాఖ్యాతలు చెప్పారు. యెకొన్యా మనవడు జెరుబ్బాబెలును దేవుడు తన ముద్ర ఉంగరంగా చేసుకుంటానన్న మాట హగ్గయి గ్రంథంలో ఉంది కాబట్టి, ఆ తీర్పు అప్పటికే మెత్తబడిందని ఇంకొందరు అంటారు. ఏ దారిన చూసినా, సింహాసనానికి వారసుడు దత్తత ద్వారా వచ్చాడు. ఈ మాటను గుర్తుపెట్టుకోండి, మన దగ్గరికి వచ్చేసరికి ఇది అవసరం.

ఇవన్నీ నిజంగా బతికినవాళ్ళ పేర్లేనా? అందరికీ బయటి ఆధారం లేదు. జెరుబ్బాబెలు తర్వాత అబీహూదు మొదలు యోసేపు తండ్రి యాకోబు దాకా మత్తయిలో తొమ్మిది పేర్లున్నాయి. వాళ్ళ గురించి బైబిల్లో ఇంకెక్కడా ఒక్క ముక్క లేదు. కొందరికి మాత్రం గట్టి ఆధారమే ఉంది. 1993, 94లలో ఉత్తర ఇశ్రాయేలులోని తేల్ దాన్ తవ్వకాల్లో క్రీ.పూ. తొమ్మిదో శతాబ్దపు రాతి శాసనం ముక్కలు దొరికాయి. దావీదు ఇంటి ప్రస్తావన దానిలో ఉంది, చెక్కించింది శత్రు రాజు. యెకొన్యా విషయం ఇంకా ఆశ్చర్యం. బబులోను శిథిలాల్లో దొరికిన మట్టి పలకల మీద, బందీలకు నూనె పంచిన లెక్కల్లో, యూదా రాజుగా అతని పేరు ఉంది. 1939లో ఎర్నెస్ట్ వైడ్నర్ వాటిని ప్రచురించాడు. వాటిలో ఒకటి సుమారు క్రీ.పూ. 592 నాటిది. రాజు ఐదుగురు కొడుకులకు కలిపి రెండున్నర సిలాలు. సిలా అంటే ఇంచుమించు మన లీటరు. తలా అర లీటరు నూనె. దావీదు సింహాసనపు వారసులు శత్రువు కోటలో రేషన్ మీద బతికారు. దినవృత్తాంతములు యెకొన్యా కొడుకులు ఏడుగురని రాసింది. పలక రాసేనాటికి ఐదుగురు.

ఆదికాండములోని పెద్ద పెద్ద వయసుల సంగతి క్లుప్తంగా. ఐదో అధ్యాయంలోని అంకెలు కూడితే ఆదాము నుంచి జలప్రళయం దాకా హెబ్రీ ప్రతి ప్రకారం 1,656 ఏళ్ళు. 969 ఏళ్ళు బతికిన మెతూషెల సరిగ్గా ప్రళయం వచ్చిన ఏడే చనిపోతాడు. సమరయుల ప్రతిలో ఇదే లెక్క 1,307 ఏళ్ళు, ప్రాచీన గ్రీకు అనువాదంలో 2,200 దాటుతుంది. ఐర్లండు ఆర్చిబిషప్ జేమ్స్ అషర్ హెబ్రీ అంకెల ఆధారంగా సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో ప్రకటించాడు. మత్తయే తరాలు దాటి రాశాడని చూశాం. ప్రాచీన ప్రతులే ఒక్కో లెక్క చెబుతున్నప్పుడు, ఆ కూడికను విశ్వాసానికి పరీక్షగా పెట్టడం సరికాదు.

వంశావళుల జోలికి పోవద్దని పౌలే తిమోతికీ తీతుకూ రాశాడు కదా అని కొందరు అడుగుతారు. ఆయన వద్దన్నది అంతులేని వాదాలకు దారితీసే కల్పనలను. అదే పౌలు రోమా పత్రిక మూడో వచనంలోనే యేసు శరీరాన్ని బట్టి దావీదు సంతానమని చెప్పాడు. తనది బెన్యామీను గోత్రమని చెప్పుకుని, క్రీస్తు కోసం దాన్ని నష్టంగా ఎంచుకున్నానని ఫిలిప్పీయులకు రాశాడు. సొంత వంశాన్ని బట్టి అతిశయపడడం వేరు, దేవుడు ఒక ఇంటికి ఇచ్చిన మాట నిలబెట్టుకున్నాడని చూపించడం వేరు.

ఆ ఇంటి పేరుకు ఎంత బరువుండేదో రోమా ప్రభుత్వానికీ తెలుసు. రెండో శతాబ్దపు హెగెసిప్పస్ చెప్పిన సంగతిని చరిత్రకారుడు యూసేబియస్ భద్రపరిచాడు. యేసు సోదరుడు యూదా మనవళ్ళు ఇద్దరిని, దావీదు వంశస్థులని, చక్రవర్తి డొమీషియన్ ముందు నిలబెట్టారు. ఆస్తి ఎంత అని అడిగితే ఇద్దరికీ కలిపి 9,000 దేనారాల విలువైన 39 ప్లెత్రాల భూమి అన్నారు. గ్రీకు కొలత ప్రకారం అది సుమారు తొమ్మిది ఎకరాలు, ఒక్కొక్కరికి నాలుగున్నర. దేనారం అంటే కూలివాడి ఒక రోజు కూలి. ఒక్కొక్కరి వాటా 4,500 రోజుల కూలి. ఏడాదికి 300 పనిదినాలు వేసుకుంటే పదిహేనేళ్ళ సంపాదన. కాయలు కాసిన చేతులు చూపించారు. క్రీస్తు రాజ్యం ఎలాంటిదని అడిగితే, అది ఈ లోకానిది కాదన్నారు. చక్రవర్తి వాళ్ళను వదిలేశాడు. రాజవంశపు వారసులు సన్నకారు రైతులు.

ఇక చివరి సందేహం, మన దగ్గరిది. ఈ యూదుల పట్టికలో మన తాతముత్తాతలు ఎక్కడున్నారు? 1878 జూలై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. జాన్ క్లౌ పనిచేసిన మిషను అది. కరువు ఏళ్ళు అవి. వాళ్ళలో ఎక్కువమంది మాదిగలు. గోత్రం, ప్రవర చెప్పమని అడిగే సమాజంలో, పుట్టుకను చూపించి ఊరి బయట ఉంచినవాళ్ళు. ఎజ్రా పట్టికలో కాగితం లేని ఆ 652 మంది లాంటి స్థితి. వాళ్ళకు చదివి వినిపించిన సువార్త మొదటి పేజీలో మోయాబు కోడలు ఉంది, యెరికో రాహాబు ఉంది, దత్తత ద్వారా వారసుడైన రాజు ఉన్నాడు. క్రీస్తుకు చెందినవాళ్ళు అబ్రాహాము సంతానమే అని గలతీయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం చెబుతుంది. వంశం వల్ల కాదు, దత్తత వల్ల. యేసు దావీదు ఇంటివాడైన దారి కూడా అదే కదా. వంశాన్ని బట్టి మనిషిని తూచే అలవాటు ఇంకా చర్చిలోకి కూడా వస్తున్న చోట, ఈ 17 వచనాలను దాటేయడం మనకు పెద్ద నష్టం.

ఈసారి మత్తయి మొదటి అధ్యాయం తెరిచినప్పుడు పేర్లను పైకి చదవండి, మూడు నిమిషాలు పట్టదు. తామారు కోసం ఆదికాండము 38, రాహాబు కోసం యెహోషువ 2, ఊరియా కోసం సమూయేలు రెండో గ్రంథం 11, యెకొన్యా కోసం రాజుల రెండో గ్రంథం 24, 25 అధ్యాయాలు పక్కన పెట్టుకోండి. రూతు గ్రంథం నాలుగే అధ్యాయాలు. అక్కడ మొదలుపెట్టండి.